అక్షరము వెనుక ముడి

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మన "జ్ఞా" అను అక్షరము లోకమున కలకలము పుట్టించెను. దాని నొకానొక కూర్పుతో పంపినంతనే ఆపిల్ సంస్థవారి ఐఫోనులందు జాబులు చదువు పనిముట్లు కూలిపోయెను. అదే నెల 19వ తేదీన సంస్థవారు దానిని చక్కదిద్దిరి. దోషము మన అక్షరమున లేదు. పనిముట్లన్నియు అక్షరములను కూర్చుటకు ఒకే భాగముపై ఆధారపడియుండుటచే ఆ కీడు అంతట వ్యాపించెను. గొలుసుకట్టు చెరువులలో పై కట్ట తెగినచో క్రింది కట్టలకు వాటిల్లు ముప్పును మా తూప్రాను పరిసరముల పెద్దలకు నేను చెప్పవలసిన పనిలేదు.

చిరకాలము వ్యాకరణము చెప్పి విశ్రమించిన పంతులను నేను. నాకు దెలిసినంత మేర ఈ ముడిని విప్పి చూపెదను. తెలుగక్షరము తెరపై కనబడుటకు మూడు మెట్లు కలవు. 1991లో వెలువడిన యూనికోడు ప్రతి వర్ణమునకు ఒక సంఖ్యను నియమించినది. రూపమును గీయుట కడపటిదగు మూడవ మెట్టు. జకారము క్రింద ఞకారపు వత్తు చేర్చి, గుణితము నతికించుట దానికి ముందరిదగు రెండవది. ఎల్లరు చదివి దిద్దుకొనదగిన మూలపాఠము గల స్వేచ్ఛా సాఫ్టువేరునందు గీయు పని ఫ్రీటైపుది. కూర్చు పని హార్ఫ్‌బజ్‌ది.

పూర్వము కూర్చు పనియు ఫ్రీటైపునందే యుండెను. పాంగో, క్యూటీ అను రెండు పనిముట్ల నిర్మాతలు ఆ భాగమును వేరువేరుగా నెత్తి వ్రాసికొనిరి. తాళపత్ర గ్రంథమునకు రెండు ప్రతులు పుట్టినచో పాఠభేదములు పెరుగునట్లే, ఒకచోట దిద్దిన తప్పు వేరొకచోట నిలిచిపోవును. తుదకు ఆ ప్రతుల నేకము చేసి హార్ఫ్‌బజ్ అను ప్రత్యేక భాగముగా నిలిపిరి. ఇరాను దేశీయుడగు బెహదాద్ ఎస్ఫహబోద్ దానిని సరిక్రొత్తగా రచించెను.

ఐనను ముడి పూర్తిగా వీడలేదు. హార్ఫ్‌బజ్ అక్షరరూపముల కొలతలకై ఫ్రీటైపు నడుగగలదు. ఫ్రీటైపు గీతలను స్ఫుటపరచు వేళ ఏ రూపము ఏ లిపిదో యెరుగుటకై హార్ఫ్‌బజ్ నడుగగలదు. మన శాస్త్రములు దీనినే అన్యోన్యాశ్రయ దోషమన్నవి. దీనికి నిర్మాతలు కనుగొన్న యుపాయ మిది: మొదట హార్ఫ్‌బజ్ లేకుండగనే ఫ్రీటైపును కట్టుదురు, దానిపై హార్ఫ్‌బజ్‌ను కట్టుదురు, పిదప ఫ్రీటైపును మరల కట్టుదురు. లేనిదే జరుగని యాధారమును, ఉన్నచో మేలగు ఆధారమును వేరుపరచుటయే ఇందలి కీలకము. పాణిని మహర్షియు అష్టాధ్యాయి కడపటి మూడు పాదముల సూత్రములు చేసిన కార్యము వెనుకటి సూత్రములకు కనబడరాదని నియమించి, చిక్కులు పడకుండ కట్టుదిట్టము చేసెను.

ఇది మనకేల యందురా? ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీసులందు తెలుగును కూర్చునది హార్ఫ్‌బజ్‌యే. పట్టణమునుండి మనుమడు పంపు జాబు ఆ దారినే మన కందుచున్నది. మూసిన యింట దోషము పుట్టినచో యజమాని తలుపు తీయువరకు మనము వేచియుండవలెను. 2018లో జరిగిన దదియే. తెరచిన యింటనైనచో తెలుగు పిల్లవాడే లోనికేగి మన వత్తును దిద్దగలడు. కావున పెద్దలారా, మీ పిల్లలకు సంధి విడదీయుట నేర్పించినట్లే ఈ విద్యనుగూడ నేర్పింపుడు. మన లిపి బాగోగులు చూచుకొనువారు మన యిండ్లనుండియే రావలెను.