గట్టు ఒకటే, బరువులు రెండు

రాజమహేంద్రవరం చరిత్ర అనగానే మనకు రాజరాజ నరేంద్రుడు, నన్నయ, వీరేశలింగం గుర్తుకు వస్తారు. ఆ ఊరి గట్లకూ, మురుగు కాలువలకూ కూడా ఒక చరిత్ర ఉందని గుర్తుకు రాదు. గోదావరికి వరద వచ్చినప్పుడు సామాన్యుల బతుకును నిర్ణయించేది ఈ రెండో చరిత్రే.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో నీరే దారి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పొలాలకు నీరిచ్చింది, పడవలకు బాటా వేసింది. ధాన్యం కాలువల మీదనే కాకినాడకూ, ఏలూరు మీదుగా బెజవాడకూ చేరేది. 1900లో 56 ఖానాల హేవలాక్ వంతెన మీద రైలు నడిచింది. 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చాక కొవ్వూరు వైపు బస్సులూ లారీలూ నది దాటి ఊరు చేరాయి. 2015లో కాతేరు వైపు నాలుగో వంతెన తెరుచుకుంది. రవాణా నీటిని వదిలి నేలకెక్కింది. నిన్నటిదాకా దారి అయిన నీరు అడ్డంకిగా కనిపించసాగింది.

అయితే నీటి జ్ఞాపకం మాటల్లో మిగిలింది. ఆవ అంటే నీరు నిలిచే పల్లపు నేల. తుమ్మలావ పేట పేరులోనూ, ఆవ ఛానల్ పేరులోనూ ఆ మాట ఇప్పటికీ పలుకుతూనే ఉంది. మన పూర్వులు పల్లాన్ని పల్లమనే పిలిచారు. మనం దానిమీద రోడ్డు వేసి మరిచాము.

మరచిన ఫలితం ఏమిటి? ఊరి వాననీరు నదిలోకి పోవాలంటే నది మట్టం కాలువ నోటికంటె కిందనుండాలి. వరదల్లో ఇది తారుమారవుతుంది. కాలువ తలుపులు దించకపోతే గోదావరి ఊళ్ళోకి ఎదురెక్కుతుంది. దించితే ఊరి నీరు ఊళ్ళోనే ఆగుతుంది, మోటార్లతో తోడవలసిందే. పెద్ద వాన కురిస్తే కంబాల చెరువు ప్రాంతపు రోడ్లు మునగడం అందరూ ఎరిగినదే. వాహనాల కోసం రోడ్డు ఎత్తు పెంచిన కొద్దీ పక్క సందు మరింత పల్లమవుతుంది. నీరు చివరకు చేరేది ఆ సందులోని పేదల గడపకే.

ఇక గట్టు సంగతి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద దాదాపు 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటాయి. అప్పుడు బ్రిడ్జిలంక, కేతవారిలంక వాసులను పడవల్లో ఊరికి చేర్చవలసి వచ్చింది. గట్టుకు లోపలివారికి అది రక్షణ. గట్టుకు బయటివారికి అది ఆశ్రయం కోసం ఎక్కే మెట్టు. ఆ తీరం మీదనే స్నానఘట్టాలకు వచ్చే జనమూ, వాహనాలూ నడవాలి.

2003లో, 2015లో గోదావరి పుష్కరాలు వానాకాలంలోనే వచ్చాయి. వరద కాలమూ అదే. 2015 జూలై 14న పుష్కర ఘాట్ వద్ద తొక్కిసలాటలో 27 మంది మరణించారు. ఆ రోజు నదికి వరద లేదు. రద్దీ ఒక్కటే ప్రాణాలు తీసింది. రద్దీ, వరద ఒకే రోజున వస్తే ఏమవుతుంది? 2027 పుష్కరాలకు రోడ్ల వెడల్పు లెక్కగట్టేవారు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. రాకపోకల పటం ఒక ఆఫీసులో, వరద పటం మరొక ఆఫీసులో ఉన్నంతకాలం జవాబు దొరకదు. రెండూ ఒకే కాగితం మీదకు రావాలి. దానిని గీసేటప్పుడు లంకవాసుల మాట కూడా వినాలి.

మన సాహిత్యం గోదావరి అందాన్ని పాడింది, కాటన్‌ను కీర్తించింది. ఆ కీర్తి అన్యాయం కాదు. కాని ఆనకట్టకు రాళ్ళు మోసిన కూలీలు, వరదలో పడవ నడిపిన పల్లెకారులు, మురుగు తోడే పారిశుద్ధ్య కార్మికులు మన పుటల్లో ఎంతమంది ఉన్నారు? ఏ సందులో నీరు ముందుగా చేరుతుందో వారికి తెలుసు. ఆవలు, రేవులు, లంకల పేర్లను వారినుంచి సేకరించి రాయడం రచయితలు చేయగల పని. ఆ పేర్లు పోతే, ఎక్కడ పల్లముందో వరదే వచ్చి చెప్పవలసి ఉంటుంది.