శిక్షకు ముందు బోధ

బిడ్డ నోట బూతుమాట వినబడగానే మనము చింతబరికె కొరకు వెదకుదుము. ఆ మాట వాడెక్కడ నేర్చెనో అడుగుదుమా?

పూర్వము అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్రిస్టఫర్ డాక్ అను మెన్నోనైటు ఉపాధ్యాయుడుండెను. స్కిప్పాక్, సాల్ఫర్డ్ అను రెండు చోట్ల వారమునకు మూడేసి దినములు బడి నడిపెను. తన పద్ధతిని 1750లో వ్రాసిపెట్టెను. అది 1770లో అచ్చయ్యెను.

చెడుమాట పలికిన పిల్లవానిని ఆయన మొదట కొట్టలేదు. దాని అర్థము తెలియునా, ఎవరియొద్ద వింటివి అని అడిగెను. పలువురు అర్థమెరుగక, పెద్దలు పలుకగా విని పలికినవారే. అప్పుడాయన అందలి పాపమును విడమరచి చెప్పి, ఇక పలుకనని మాట తీసికొనెను. మరల తప్పినవానికి శిక్ష లేకపోలేదు. అయితే బోధ ముందు, శిక్ష వెనుక. అక్షరములు నేర్చిన బిడ్డకు తండ్రి ఒక కాసు ఇయ్యవలెను, తల్లి రెండు కోడిగ్రుడ్లు వేయించి పెట్టవలెను. ఇది ఆయన ఏర్పాటు.

1771లో ఆయన బడిలోనే మోకాళ్లమీద ప్రార్థించుచు ప్రభువునందు నిద్రించెనని చెప్పుదురు.

తలిదండ్రులారా, మన బిడ్డ ఆ మాట మన వాకిటనే వినెనేమో! ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు వానిని దగ్గరకు తీసికొని మెల్లగా అడుగుడి. వాని జవాబు మనలను సిగ్గుపరచినయెడల, మొదట మనమే మోకరింతము.