గప్పీ పిల్లల పెంపకం.. ఆడ, మగ గుర్తించే విధానం

జూబ్లీహిల్స్: వానలు మొదలైతే జూబ్లీహిల్స్ బంగళాల్లోని తామర తొట్లు, నిలిచిపోయిన ఫౌంటెన్లు, ఫిల్మ్‌నగర్ బస్తీల్లోని మూతలేని నీటి తొట్లు డెంగీ దోమకు నిలయాలవుతాయి. అందుకే దోమ లార్వాలను తినే గప్పీ చేపలను పలువురు తొట్లలో వదులుతుంటారు. కూలర్లలో, పాత టైర్లలో నిలిచిన నీటికి మాత్రం చేపలు అక్కరలేదు, పారబోస్తే చాలు.

అసలు చిక్కు ఆ తర్వాతే వస్తుంది. తొట్టిలో ఆడ, మగ కలిసి ఉంటే కొద్ది నెలల్లోనే సంఖ్య పదుల నుంచి వందలకు చేరుతుంది. నీరు మురిగి చేపలు చనిపోతాయి. మిగిలిన వాటిని కొందరు దుర్గం చెరువు వంటి జలాశయాల్లో వదిలేస్తుంటారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ జాతి స్థానిక చిరుచేపల ఆహారానికి పోటీ అవుతుంది కనుక అది తగని పని.

గప్పీ గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలనే ఈనుతుంది. సుమారు నాలుగు వారాలకొకసారి 20 నుంచి 60 వరకు, ఒక్కోసారి అంతకుమించి పిల్లలు పుడతాయి. ఒకసారి మగచేపతో కలిసిన ఆడచేప వీర్యాన్ని నెలల తరబడి నిల్వ ఉంచుకుంటుంది. దుకాణం నుంచి ఒంటరి ఆడచేపను తెచ్చినా పిల్లలు పుట్టడానికి కారణం ఇదే.

పుట్టిన పిల్లలను తల్లే తినేస్తుంది. పొట్ట నలుచదరంగా ఉబ్బి, దాని వెనుక భాగంలోని మచ్చ నల్లబడితే ఈనే సమయం దగ్గరపడినట్లు భావించాలి. ఇరుకైన ప్లాస్టిక్ పెట్టెలో తల్లిని బంధించడం కన్నా, హైడ్రిల్లా వంటి నీటి మొక్కలు దట్టంగా ఉన్న తొట్టిలో ఉంచి, ఈనిన వెంటనే తల్లిని తీసివేయడం మేలు.

పిల్లలకు మెత్తగా నలిపిన పొడి మేతను రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా వేయాలి. ఉడికించిన గుడ్డు పచ్చసొన అగ్గిపుల్ల మొనపై నిలిచేంత చాలు, ఎక్కువైతే ఆ రాత్రికే నీరు చెడుతుంది. కొళాయి నీటిని ఒకరోజు నిల్వ ఉంచి క్లోరిన్ పోయాకే వాడాలి. బోరు నీరు కాస్త కఠినంగా ఉన్నా గప్పీకి అది సరిపడుతుంది. మూడు నాలుగు రోజులకొకసారి పావు వంతు నీటిని మార్చాలి. 24 నుంచి 28 డిగ్రీల వేడి అనుకూలం. చలికాలంలో తొట్టిని ఇంట్లోకి మార్చుకోవాలి.

మూడో వారం నుంచి పిల్లలను ఒక్కొక్కటిగా గాజు గ్లాసులోకి తీసుకుని, వెలుతురుకు ఎదురుగా పక్కనుంచి పరిశీలించాలి. పొట్ట కింది వెనుక రెక్క విసనకర్రలా విచ్చుకుని, దాని ముందు నల్లమచ్చ కనిపిస్తే ఆడచేప. నాలుగో వారం నుంచి అదే రెక్క సన్నగా, పొడవుగా పుల్లలా మారుతుంటే మగచేప. లేత రంగు రకాల్లో మచ్చ సరిగా కనిపించదు కాబట్టి రెక్కనే నమ్మాలి. రంగుల కోసం ఎదురుచూస్తే ఆలస్యమవుతుంది, ఈలోగా ఆడపిల్లలు గర్భం దాల్చవచ్చు. పైగా మేలు రకాల్లో ఆడచేపల తోకకూ రంగు ఉంటుంది. కొన్ని మగపిల్లలు ఆలస్యంగా ఎదుగుతాయి కనుక, వేరుచేసిన ఆడచేపల తొట్టిని మరో రెండు మూడు వారాలు గమనిస్తూ ఉండాలి.

ఆడచేప పెద్దది కనుక లార్వాలను ఎక్కువగా తింటుంది. అయినా ఇంటి తామర తొట్టికి నాలుగైదు మగచేపలే నయం. మిగిలిన పిల్లలను ఇరుగుపొరుగుకో, అక్వేరియం దుకాణానికో ఇవ్వవచ్చు.