కాలిన చుట్ట, రాసిన చేతులు

మంచిర్యాలలో సీరో మలబార్ కతోలికుల మేత్రాసనం ఉంది. 1999లో ఏర్పడింది, ఆదిలాబాద్ మేత్రాసనం అంటారు. కరీంనగర్‌లో ప్రొటెస్టెంట్ సంఘమైన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) డయాసిస్ ఉంది, అది 1978 నాటిది. ఆదివారం పొద్దున రెండు చోట్లా బైబిల్ తెరుస్తారు. చదివింది దేవుని వాక్యమేనని రెండు చోట్లా నమ్ముతారు. కానీ మంచిర్యాలలో తెరిచే బైబిలులో 73 పుస్తకాలుంటాయి, కరీంనగర్‌లో తెరిచేదాంట్లో 66. తోబీతు, యూదితు, మక్కబీయులు వంటి ఏడు పుస్తకాలు అక్కడ ఉన్నాయి, ఇక్కడ లేవు.

దేవుడిచ్చిన గ్రంథమే అయితే పుస్తకాల లెక్క దగ్గరే తేడా ఎందుకొచ్చిందని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు కావాలంటే ఆ పుస్తకం ఎలా తయారైందో మొదటినుంచీ చెప్పుకోవాలి.

మన జిల్లాల్లో పవిత్రవాక్కు అనే మాటకు ఇప్పటికే రెండు గట్టి సంప్రదాయాలున్నాయి. గోదావరి ఒడ్డున మంథనిలో తరతరాలుగా వేదం చెప్పుకున్న కుటుంబాలున్నాయి. వేదం అపౌరుషేయం, మనిషి రాసింది కాదు; స్వరం తప్పకుండా నోటినుంచి నోటికి అందాలన్నది వాళ్ల నమ్మకం. కరీంనగర్ మసీదుల్లో ఖురాన్ మొత్తం కంఠస్థం చేసిన హాఫిజ్‌లుంటారు. ప్రవక్తకు వహీగా దిగివచ్చిన మాట, అక్షరం మారకుండా అదే అరబ్బీలో నిలిచిందని ముస్లింల విశ్వాసం. ఈ ఇరుగుపొరుగు మధ్య పెరిగిన క్రైస్తవుడు తన బైబిల్ కూడా అలా పైనుంచి దిగిందేనని చెప్పాలనుకోవడం సహజం. బైబిల్ మాత్రం తన గురించి అలా చెప్పుకోదు. నేను చూసినంతలో మన సంఘాల్లో సరిగ్గా బోధించనిది ఇదే.

లూకా తన సువార్త మొదట్లోనే, ముందే కొందరు ఈ సంగతులు రాశారనీ, కళ్లారా చూసినవాళ్ల దగ్గరనుంచి వచ్చినవాటిని తాను మొదటినుంచీ విచారించి వరసగా రాస్తున్నాననీ చెప్పుకుంటాడు. రోమా పత్రికను పౌలు చెబుతుంటే రాసింది తెర్తియు. చివర్లో అతను కూడా తన పేరుతో వందనాలు పంపుతాడు. తిమోతికి రాసిన రెండో పత్రికలో, లేఖనమంతా దేవుని ఊపిరితో కలిగిందని చెప్పిన తర్వాతి అధ్యాయంలోనే, త్రోయలో వదిలేసిన అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెచ్చిపెట్టమన్న మాట ఉంటుంది. దేవుడు మనుషుల్ని పక్కకు నెట్టి మాట్లాడలేదు, వాళ్ల పరిశ్రమతో, వాళ్ల అవసరాలతో సహా వాళ్లద్వారా మాట్లాడాడు. క్రైస్తవులు దైవప్రేరణ అనేది దీన్నే.

ఇది ఎలా జరుగుతుందో బైబిలే ఒకచోట విడమరిచి చెబుతుంది, యిర్మీయా 36వ అధ్యాయంలో. ప్రవక్త చెబుతుంటే బారూకు సిరాతో గ్రంథపు చుట్ట మీద రాశాడు. దాన్ని యెహోయాకీము రాజు ముందు చదివారు. అది చలికాలం, ఎదురుగా కుంపటి మండుతోంది. మూడు నాలుగు వరసలు చదవగానే రాజు కత్తితో ఆ ముక్క కోసి నిప్పులో వేశాడు. అలా చుట్టంతా బూడిదైంది. యిర్మీయా ఇంకో చుట్ట తీసుకుని బారూకుకు ఇచ్చాడు. కాలినవన్నీ మళ్లీ రాయించడమే కాదు, అలాంటి మాటలు ఇంకా ఎన్నో చేరాయని అధ్యాయం చివరి మాట.

ఆ చివరి మాట ఎంత నిజమో మొన్నమొన్ననే తెలిసింది. యిర్మీయా గ్రంథానికి పాత గ్రీకు అనువాదం, హీబ్రూ ప్రతికన్నా ఎనిమిదో వంతు దాకా చిన్నది. గ్రీకువాళ్లు కత్తిరించి ఉంటారని చాలామంది అనుకున్నారు. 1947 మొదలు మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో చుట్టలు బయటపడ్డాయి. అందులో యిర్మీయా హీబ్రూ ప్రతులు రెండు రకాలూ ఉన్నాయి, పొడుగువీ పొట్టివీ. అక్కడే దొరికిన యెషయా చుట్ట దాదాపు ఏడున్నర మీటర్ల పొడవుంటుంది. అప్పటిదాకా చేతిలో ఉన్న హీబ్రూ ప్రతులకన్నా వెయ్యేళ్లు పాతది. అక్షరక్రమంలో, అక్కడక్కడ మాటల్లో తేడాలు బోలెడున్నాయి గానీ ప్రవచనం అదే. చేతిరాత మీద బతికిన ఆ పుస్తకానికి వెయ్యేళ్లలో జరిగిన మార్పు అంతే.

రాయి మీద చెక్కితే ఈ గొడవ ఉండదు. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన కంద పద్యాలు ఇప్పటికీ చెక్కినట్టే ఉన్నాయి. కానీ గుట్ట ఊరు దాటి పోలేదు. బైబిల్ తోలు మీద, కాగితం మీద ఊరూరూ తిరిగింది. తిరిగిన ప్రతిచోటా రాసేవాళ్ల చెయ్యి తగిలింది. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు, యోహాను సువార్తలో వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీ కథ నాలుగో శతాబ్దపు సీనాయి ప్రతిలో లేవు. ఇప్పటి బైబిళ్లు చాలావరకు ఈ సంగతిని పేజీ అడుగునో గుర్తుపెట్టో చెబుతాయి. చెప్పి తీరాలి కూడా. విశ్వాసులకు దాచిపెట్టి కాపాడాల్సిన పుస్తకం కాదిది.

ఇక ఏ పుస్తకాలు లోపల, ఏవి బయట అన్న సంగతి. యేసు చేతిలో ఉన్నది యూదుల లేఖనాలు. ఆయన వాటిని దేవుని మాటగా వాడాడు కాబట్టి శిష్యులూ వాడారు. ఆ తర్వాత అపొస్తలుల పత్రికలు, సువార్తలు సంఘాల్లో చదవసాగారు. క్రీ.శ. 144 ప్రాంతంలో రోమ్‌లో మార్కియోను అనే బోధకుడు పాత నిబంధన మొత్తం అక్కర్లేదని, లూకా సువార్తను కుదించి, పౌలు పత్రికలు పదింటిని జతచేసి సొంత జాబితా పెట్టుకున్నాడు. సంఘం అతణ్ని బయటికి పంపింది. 180 ప్రాంతంలో ఇరేనియస్ అనే బిషప్ సువార్తలు నాలుగేనని గట్టిగా వాదించాడు. ఇప్పుడున్న 27 కొత్త నిబంధన పుస్తకాలను అలాగే లెక్కపెట్టి చూపిన మొదటి పత్రం 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ రాసిన పండగ లేఖ. అంటే మూడు వందల ఏళ్లు పట్టింది. ఎవరో చక్రవర్తి ఒక్కరోజులో సంతకం పెట్టి తేల్చాడన్నది అపోహ. సంఘాలు చదివి, పోట్లాడుకుని, అపొస్తలుల కాలానికి చేరనివాటిని పక్కనపెట్టి, ఏవి తమను నిలబెడుతున్నాయో గుర్తించాయి.

అన్ని చోట్లా ఒకేలా గుర్తించలేదు. మంచిర్యాల సంఘం ఏ సంప్రదాయం నుంచి వచ్చిందో ఆ కేరళ తోమా క్రైస్తవులు వాడిన సిరియాక్ బైబిలులో పేతురు రెండో పత్రిక, యోహాను రెండు మూడు పత్రికలు, యూదా పత్రిక, ప్రకటన గ్రంథం లేవు. 1599లో ఉదయంపేరూర్ సభలో పోర్చుగీసువాళ్లు వాటిని చేర్పించారు. అంతకుముందు వాళ్ల విశ్వాసానికి ఏం తక్కువైంది? ఏడు పుస్తకాల తేడా గురించి కూడా నాకు అదే అనిపిస్తుంది. సువార్తలు నాలుగూ, పౌలు పత్రికలూ మంచిర్యాలలో కరీంనగర్‌లో ఒక్కటే. కేంద్రం గట్టిగా ఉంది, అంచు దగ్గర వాదన ఉంది.

ఈ పుస్తకం మన భాషలోకి రావడం కూడా అలాగే తడబడుతూ జరిగింది. మద్రాసులో ఉన్న జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1732 నాటికే బైబిల్ మొత్తాన్ని తెలుగు చేశాడు, అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు జార్జ్ క్రాన్, ఆగస్టస్ దే గ్రాంజ్‌లకు ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుడు తోడయ్యాడు. క్రాన్ 1809లో, దే గ్రాంజ్ 1810లో చనిపోయారు. వాళ్లు చేసిన సువార్తలు 1812లో సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది మార్చిలో ఆ ముద్రణాలయం తగలబడి అచ్చక్షరాలు, రాతప్రతులు ఎన్నో బూడిదయ్యాయి; మళ్లీ పోత పోశారు. యిర్మీయా చదివినవాళ్లకు ఇది కొత్త కథలా తోచదు.

నిజాం రాజ్యంలో వెస్లియన్ మెథడిస్టులు 1880 ప్రాంతంలో సికింద్రాబాద్‌లో పని మొదలుపెట్టి, అదే దశకంలో కరీంనగర్ చేరారు. బెంజమిన్ ప్రాట్ ఇక్కడి తొలి మిషనరీల్లో ఒకడు. సంఘంలో చేరినవాళ్లు ఎక్కువమంది మాల మాదిగ వాడలవాళ్లు, చదువు అందకుండా చేయబడ్డ మనుషులు. వాళ్లు బైబిలును ముందు చెవులతోనే అందుకున్నారు, కీర్తనగా, కథగా, బైబిల్ స్త్రీలనే మహిళా బోధకులు ఇంటింటికీ తెచ్చిన మాటగా. బానిసల్ని ఐగుప్తునుంచి బయటికి తెచ్చిన దేవుడు, గుడి బయట నిలబెట్టినవాళ్లతో కూర్చుని తిన్న యేసు. ఆ మాట వాళ్లకు గౌరవాన్ని, తర్వాత పిల్లలకు బడిని ఇచ్చింది. ఇప్పటికీ ఎందుకు నమ్ముతావని కరీంనగర్ విశ్వాసిని అడిగితే అథనేసియస్ పేరు రాదు, సాక్ష్యం వస్తుంది. జబ్బులో వినిపించిన వచనం, తాగుడు మానిన భర్త, అప్పుల రాత్రి తెరిచిన కీర్తన.

నేను ఆ సాక్ష్యాలను తేలిగ్గా తీసుకోను. అయినా అవి ఒక్కటే చాలవు. మంథనిలో వేదం చెప్పేవారికీ, హాఫిజ్‌కూ తమ గ్రంథం ఇచ్చిన ఓదార్పు ఉంటుంది, అది కూడా నిజమైనదే. బైబిల్ మీద నమ్మకం చివరికి ఒక మనిషి మీద, ఒక సంఘటన మీద ఆనుకుని ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో పౌలు లేచిన క్రీస్తును చూసినవాళ్ల పేర్లు చెబుతాడు. ఐదు వందలమందికి పైగా ఒకేసారి చూశారనీ, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ అంటాడు. వెళ్లి అడగొచ్చన్నమాట. క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థమనీ, మేం దేవుని గురించి అబద్ధ సాక్షులమవుతామనీ అదే చోట రాస్తాడు. యేసు లేచాడని నమ్మినవాళ్లు ఆయన నమ్మిన లేఖనాలను, ఆయన పంపినవాళ్ల పత్రికలను దేవునివిగా పట్టుకున్నారు. లేవలేదని తేలితే 66 అయినా 73 అయినా పట్టుకోవడానికి కారణం ఉండదు. ఆ షరతును దాచకుండా రాసిపెట్టింది పౌలే.