సవాలు - శభాష్

"ముస్లింలయి ఉండి కూడా తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ!"

ఈ మాట వినని తెలుగు ముస్లిం ఉంటాడనుకోను. మెచ్చుకోలుగానే అంటారు. కానీ అందులో ఓ ముల్లు దాగుంటుంది. ఇల్లు మాది కాదన్నట్టు, వచ్చిన చుట్టం మర్యాదగా మసలుకుంటున్నాడన్నట్టు. సరేనని మా వాళ్ల మధ్యకొస్తే ఇంకో ముల్లు. "క్యా మియాఁ, ఉర్దూ ఉండగా తెలుగులో రాసుడేంది?" అని మా చుట్టాలే ఎకసెక్కాలాడతారు. ఇద్దరికీ కలిపి ఒకటే జవాబు చెప్పాలని చాలా రోజుల్నుంచి ఉంది.

జవాబు అన్నాను. ఆ మాట ఎవరిది? అరబ్బీది. దాని జోడు 'సవాలు' కూడా అక్కడిదే. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులోకి వచ్చేసరికి తొడగొట్టి బరిలోకి పిలవడమైంది. 'కుస్తీ' ఫారసీ. పతంగుల పేంచ్‌కీ, పక్కింటాయనతో పెట్టుకునే పేచీకీ మూలం ఒకటే - 'పేచ్', అంటే మెలిక. గెలిచినవాడి భుజం తట్టే 'శభాష్' ఫారసీలో 'షాద్ బాష్', సంతోషంగా ఉండు అని. తెలుగువాడు పోటీకి దిగితే సవాలు దగ్గర్నుంచి శభాష్ దాకా వాడేవి మా మాటలే!

మరి మేమో? తెలుగువాడు "వస్తానని చెప్పాడు" అంటాడు. హైదరాబాదీ దక్కనీలో "ఆతూఁ బోల్కే బోలా" అంటాం. ఆ 'బోల్కే' మీ 'అని'యే. మీరు "వస్తాడట" అంటే మేం "ఆతా కతే" అంటాం. ఢిల్లీ, లక్నో ఉర్దూవాళ్లు విని నవ్వుతారు. నవ్వనీయండి. మా మాటకు చర్మం హిందుస్తానీది, లోపలి ఎముకలు ఈ దక్కను నేలవి. వంటింట్లోకి వచ్చినా అంతే. మిర్చీకా సాలన్‌లో, బఘారా బైంగన్‌లో చింతపండు పులుపు లేకపోతే మా నోటికి రుచించదు.

రెండు జాతులు, రెండు నాలుకలు ఒకే ఊళ్లో నాలుగొందల ఏళ్లు పోటీపడుతూ బతికితే ఇట్లాగే ఉంటుంది. ఎవరు గెలిచారో చెప్పడం కష్టం.

ఈ పోటీకి గోల్కొండ దర్బారు పాత బరి. ఇబ్రహీం కుతుబ్ షా రాజు కాకముందు ప్రాణభయంతో పారిపోయి, ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. 1550లో తిరిగొచ్చి గద్దెనెక్కాడు. తెలుగు కవులు ఆయన పేరును 'మల్కిభరాముడు' అని తమ నోటికి తిప్పుకున్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్ ఖానుకు పొన్నెగంటి తెలగన్న 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. సంస్కృతపు మాట పొసగనివ్వకుండా అచ్చతెలుగులో రాసిన మొదటి కావ్యం అది. తెలుగు స్వచ్ఛత గురించి మాకు పాఠాలు చెప్పేవాళ్లు ఆ అంకితం ఎవరికిచ్చారో ఒక్కసారి తిరగేసి చూడాలి.

అంతా పాలూ తేనే అని చెప్పను. అదే ఇబ్రహీం 1565లో మిగతా సుల్తానులతో కలిసి, తనకు అన్నంపెట్టిన విజయనగరం మీదికే కత్తి దూశాడు. రాజులది రాజకీయం. అయినా ఆ తర్వాత కూడా ఆయన తెలుగు కవికి తలుపు మూయలేదు.

కొడుకు మహమ్మద్ కులీ 1591లో హైదరాబాద్ కట్టాడు. తాను దక్కనీలో కవి. రంజాన్ మీద, నౌరోజ్ మీద రాసిన కలంతోనే వసంతం మీదా, మిరుగు మీదా రాశాడు. తెలంగాణ రైతు విత్తనం చేతబట్టి ఎదురుచూసే ఆ మిరుగే! చివరి సుల్తాను తానీషా కాలంలో మాదన్న మంత్రి. ఫర్మానాలు ఫారసీలోనూ తెలుగులోనూ వెలువడేవి. 1686లో అక్కన్న, మాదన్నల్ని చంపారు. మరుసటేడు ఔరంగజేబు సేన గోల్కొండను పట్టుకుంది. దక్కనీ ముస్లిం రాజ్యాన్ని కూల్చింది మొగలాయి ముస్లిం పాదుషానే. ముస్లింలంతా ఒక్కటేనని ఈసడించేవాళ్లకూ, మురిసిపోయేవాళ్లకూ ఇది చాలు.

తర్వాత బరి వాలిపోయింది. ఇది మేం ఒప్పుకోవాలి. నిజాం రాజ్యంలో దాదాపు సగంమంది తెలుగువాళ్లు. కచేరీ ఉర్దూది, 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూది. ఒకడి చేతులు కట్టేసి ఇంకొకణ్ణి గెలిపిస్తే అది కుస్తీ కాదు. తెలుగువాళ్లు తమ జవాబు తాము చెప్పుకున్నారు. 1901లో గ్రంథాలయం పెట్టి దానికి శ్రీకృష్ణదేవరాయల పేరు పెట్టుకున్నారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి పత్రిక పెట్టి దానికి 'గోలకొండ' అని పేరు పెట్టాడు. అటు రాయలూ మనవాడే, ఇటు గోల్కొండా మనదే అన్నట్టు. పోటీ పడుతూనే ఎదుటివాడి కోటను తనదనుకోవడం అంటే అదీ!

పోటీ పోయి పగ వచ్చిన రోజులూ ఉన్నాయి. రజాకార్లు తెలుగు పల్లెల్ని తగలబెట్టారు. 1948 సెప్టెంబరు సైనిక చర్య వెంట ముస్లింల ఊచకోత జరిగింది. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలని సుందర్‌లాల్ కమిటీ అంచనా. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికే రాలేదు. ఆ తర్వాత ఉర్దూ వంతు వచ్చింది. యూనివర్సిటీలోంచి, కచేరీలోంచి అది బయటికి నడిచింది. ఇంట్లో మాట్లాడే భాషకు వీధిలో విలువ లేకపోతే పిల్లవాడు ఎట్లా ముడుచుకుపోతాడో అంతకుముందు తెలుగు పిల్లవాడికి తెలుసు. ఆ తర్వాత మా పిల్లవాడికి తెలిసింది. ఒకే నొప్పి ఇద్దరికీ వంతులవారీగా వచ్చింది. మనం మాత్రం దాన్ని కలిపి చెప్పుకోలేదు.

సంక్రాంతికి పాతబస్తీ డాబాలెక్కి చూడండి. అది ఎవరి పండుగ అని అక్కడ ఎవరూ అడగరు. ఈ డాబా పతంగి ఆ డాబా పతంగితో పేంచ్ వేస్తుంది. తెగిందా, "అఫా!" అని వాడంతా దద్దరిల్లుతుంది. ఓడిన కుర్రాడు ఇంకో పతంగికి దారం కడతాడు. ఎదుటి డాబా ఖాళీ అయిపోవాలని ఏ కుర్రాడూ కోరుకోడు. అది ఖాళీ అయితే తను ఎవరితో పేంచ్ వేయాలి? మమ్మల్ని పాకిస్తాన్ పొమ్మనేవాళ్లకూ, తెలుగు మనది కాదనే మావాళ్లకూ ఈ చిన్న సంగతి ఎందుకు అర్థం కాదో!

మాలో చాలామంది తాతలు ఎక్కణ్ణుంచో గుర్రాలెక్కి రాలేదు. ఈ చెరువుల కింద సాగుచేసి, ఈ మగ్గాల మీద నేసి, ఇక్కడే కలిమా చదివారు. మాకు తెలుగు ఒకరిచ్చింది కాదు. ఉర్దూ ఒకరు లాక్కుంటే పోయేది కాదు. 1998లో ముస్లింవాద కవులు తమ తెలుగు కవిత్వ సంకలనానికి 'జల్‌జలా' అని ఉర్దూ పేరు పెట్టింది అందుకే.

కాబట్టి ఇకమీదట ఎవరైనా "తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ" అంటే నా జవాబు సిద్ధంగా ఉంది.

"శభాష్! మీకూ మా మాటలు బాగానే వచ్చండీ."