పెన్‌డ్రైవ్ పెడితే ర్యామ్ పెరుగుతుందా? రెడీబూస్ట్ అసలు కథ

ఫోన్ యాడ్స్‌లో "16 జీబీ ర్యామ్" అని పెద్ద అక్షరాల్లో వేసి, కింద చిన్నగా "8 + 8" అని రాయడం మీరు చూసే ఉంటారు. మొదటి 8 అసలు ర్యామ్. మరి రెండో 8 ఎక్కడిది? ఆ సంగతి తెలియాలంటే ముందు పెన్‌డ్రైవ్‌ల కాలానికి వెళ్లాలి. పదండి.

2007 జనవరి 30. మైక్రోసాఫ్ట్ విండోస్ విస్టాని మామూలు జనం కోసం మార్కెట్‌లోకి తెచ్చింది. చూడ్డానికి అద్దంలా మెరిసిపోయేది. కానీ ఆకలి చాలా ఎక్కువ! కనీసం 512 ఎంబీ ర్యామ్ కావాలి, హంగులన్నీ పనిచేయాలంటే 1 జీబీ కావాలి. పాత కంప్యూటర్లలో చాలావాటికి అంత లేదు. ర్యామ్ వేయించాలంటే డబ్బా విప్పాలి, సరిపోయే చిప్ కొనాలి, డబ్బు పెట్టాలి.

అప్పుడు విస్టాతో పాటే వచ్చింది రెడీబూస్ట్. పెన్‌డ్రైవ్ గుచ్చగానే "సిస్టమ్ స్పీడ్ పెంచమంటారా?" అని స్క్రీన్ మీదే అడిగేది. ఇంకేముంది, పెన్‌డ్రైవ్ పెడితే ర్యామ్ పెరుగుతుందని ఊరంతా పాకిపోయింది.

నిజంగా పెరిగిందా? లేదు. అసలు జరిగింది వేరు.

ఒక కిరాణా కొట్టు అనుకోండి. కౌంటర్ మీద ఉన్న సరుకు ర్యామ్. చెయ్యి చాపితే అందుతుంది. ఊరి చివర గోడౌన్ హార్డ్ డిస్క్. అందులో బోలెడు సరుకు ఉంటుంది కానీ తేవాలంటే టైమ్ పడుతుంది. ఎందుకంటే హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, సూది లాంటి ముల్లు సరైన చోటికి జరగాలి. ఒక్కోసారికి దాదాపు 10 మిల్లీసెకన్లు. ర్యామ్‌తో పోలిస్తే ఇది సుమారు లక్ష రెట్లు ఆలస్యం!

పెన్‌డ్రైవ్‌లో తిరిగేది ఏదీ లేదు, అంతా చిప్పే. అందుకే చిన్న చిన్న ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి వెతికి తేవడంలో అది హార్డ్ డిస్క్ కంటే ముందుంటుంది. పెద్ద సినిమా ఫైల్ ఒకేసారి చదవమంటే మాత్రం అప్పట్లో హార్డ్ డిస్కే గెలిచేది. రెడీబూస్ట్ చేసిందల్లా, గోడౌన్‌లోని సరుకులో తరచూ అవసరమయ్యేదానికి కాపీ తీసి కొట్టు పక్కన చిన్న గదిలో పెట్టడం. అంతేగానీ కౌంటర్ పెద్దది కాలేదు.

ఇక్కడ మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు రెండు జాగ్రత్తలు తీసుకున్నారు. ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న ప్రతిదీ హార్డ్ డిస్క్‌లోనూ ఉంటుంది. ఎవరైనా మధ్యలో లాగేసినా కంప్యూటర్ ఆగిపోదు. రెండు, ఆ డేటాని ఏఈఎస్-128తో ఎన్‌క్రిప్ట్ చేశారు. పెన్‌డ్రైవ్ ఎవరో జేబులో వేసుకుపోయినా అందులో ఏముందో చదవలేరు. ప్రతి పెన్‌డ్రైవ్‌నీ ఒప్పుకునేవారు కూడా కాదు. కనీసం 256 ఎంబీ ఉండాలి, ముందు స్పీడ్ టెస్ట్ పాసవ్వాలి.

మరి లాభం కలిగిందా? ర్యామ్ బాగా తక్కువున్న కంప్యూటర్‌లో కొంచెం తేడా కనిపించేది. సరిపడా ర్యామ్ ఉంటే దాదాపు ఏమీ లేదు. 2009లో విండోస్ 7 వచ్చాక ఒకేసారి 8 పెన్‌డ్రైవ్‌లు వాడుకునే వీలిచ్చారు. కానీ అప్పటికే ర్యామ్ ధర తగ్గుతోంది, ఎస్‌ఎస్‌డీలు వస్తున్నాయి. గోడౌనే కొట్టు పక్కకి వచ్చేస్తే మధ్యలో చిన్న గదితో పనేముంది? రెడీబూస్ట్‌ని జనం మెల్లగా మర్చిపోయారు.

కానీ ఆ ఆలోచన చావలేదు. అసలది విస్టాతో పుట్టిందీ కాదు. 1962లోనే ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ యూనివర్సిటీలో టామ్ కిల్‌బర్న్ బృందం తయారుచేసిన అట్లాస్ కంప్యూటర్‌లో, చిన్న మెమరీనీ నిదానంగా తిరిగే పెద్ద డ్రమ్మునీ కలిపి, ప్రోగ్రామర్‌కి ఒకే పెద్ద మెమరీలా చూపించారు. దాన్నే ఇప్పుడు వర్చువల్ మెమరీ అంటున్నాం.

ఇక మన ఫోన్‌కి వద్దాం. ఆ రెండో 8 జీబీ మీ ఫోటోలు, వీడియోలు దాచుకునే స్టోరేజీలోంచి తీసిందే. మీరు వాడకుండా వెనక వదిలేసిన యాప్‌ల డేటాని అక్కడికి సర్దుతారు. దానివల్ల యాప్ మళ్లీ మొదటినుంచి ఓపెన్ అవ్వాల్సిన పని కొంత తప్పొచ్చు. కానీ అది ర్యామ్ అంత వేగంగా పనిచేయదు, పైగా మీ స్టోరేజీ అంతమేర తగ్గుతుంది. ఫ్లాష్ మెమరీకి ఎన్నిసార్లు రాయొచ్చనే దానికి ఒక హద్దు కూడా ఉంటుంది.

అందుకే ఫ్రెండ్స్, ఫోన్ కొనేటప్పుడు ప్లస్ గుర్తుకి ముందున్న అంకెనే చూడండి. ఇంట్లోవాళ్లు కష్టపడి ఇచ్చిన డబ్బు పెట్టేది దానికే. అరువు తెచ్చుకున్న చోటు అవసరానికి ఆదుకుంటుంది, కానీ సొంత చోటు అయిపోదు. పెన్‌డ్రైవ్ రోజుల్లోనూ అంతే, ఇప్పుడూ అంతే.

మీ ఫోన్‌లో ఈ ఆప్షన్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో ఒకసారి సెట్టింగ్స్‌లో చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!