ఉప్పుకీ మంచికీ నడుమ

ఇంగ్లీషులో ‘బ్రాకిష్’ అని ఒక విశేషణం ఉంది. సముద్రమంత ఉప్పు కాదు, ఏటి నీళ్లంత తీపీ కాదు, నడిమి రకం నీళ్లకి ఆ పేరు. డచ్చివాళ్ల ‘బ్రాక్’కి ‘ఇష్’ తోక తగిలించి పదహారో శతాబ్దంలో వాడుకలో పెట్టుకున్నారు. పోనుపోను నోటికి సహించని దేనికైనా వాడేశారు. శ్రీకాకుళం తీరాన ఉప్పు పండే నౌపడలో అలాంటి నీళ్లకి కొదవ లేదు, మాటకే కొదవ.

కొదవ అని తొందరపడి అన్నాను. మనవాళ్లు నీళ్లని రుచి కొలతతో విడగొట్టలేదు, పనితో విడగొట్టారు. తాగేవి మంచినీళ్లు. అంట్లకీ స్నానానికీ వాడుక నీళ్లు. నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలేవి ఉప్పునీళ్లు. సున్నం, మెగ్నీషియం ఎక్కువైన బావి నీళ్లయితే “పప్పు ఉడకదు” అంటారు, అంతటితో ఆ బావి జాతకం తేలిపోతుంది. ఆటుపోట్లకి సముద్రం ఎదురెక్కి వచ్చే ఏరు ఉప్పుటేరు. కొల్లేటిని సముద్రంలో కలిపే పాయకి అదే సొంత పేరైంది. భావనపాడు దగ్గర సముద్రంలో కలిసే పాయా ఆ జాతిదే. పోటుకి ఉప్పన, వానల్లో చప్పన. పూటకో రుచి మార్చే నీళ్లకి ఒక్క విశేషణం ఎలా సరిపోతుంది?

ఉప్పు పండించేవాళ్లకి మాత్రం కొలతే బతుకు. లీటరు సముద్రపు నీళ్లలో 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. నీళ్ల చిక్కదనం చెప్పే బోమే కొలతలో మూడు డిగ్రీలు. మడి నుంచి మడికి మళ్లిస్తూ ఎండలో పదో వంతుకి ఇగరబెడితే ఇరవై అయిదు డిగ్రీల దగ్గర ఉప్పు పేరుతుంది. ఇంకా ఇగిరితే చేదు దిగుతుంది కాబట్టి ఆ ముదురు నీళ్లని బయటికి వదిలేయాలి. అరికాళ్లు పగిలే పని అది. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పు మీద గుత్తాధిపత్యం తీసుకుంది. అప్పటి కాగితాల్లో ఉప్పు నిల్వచేసే చోటుని దొరలు మన ‘కొటారు’ మాటతోనే రాసుకున్నారు. వాళ్లు కొటారు పట్టుకెళ్లారు, మనకి బ్రాకిష్ ఇచ్చారు. బేరం ఎవరికి గిట్టిందో!

ఆ మాట మన ఊళ్లకి రొయ్యతో వచ్చింది. ఈ నీళ్లలో చేపా రొయ్యా పెంచే విద్య కోసం 1987లో చెన్నైలో కేంద్ర సంస్థ వెలిసింది, దాని పేరులోనే బ్రాకిష్ ఉంది. శాస్త్రజ్ఞులు దాని హద్దులూ గీశారు: లీటరుకి అర గ్రాము నుంచి ముప్పై గ్రాముల దాకా. అంటే సముద్రానికి దగ్గరగా ఉన్నదీ, తాగితే ఉప్పనిపించనిదీ ఒకే పేరు కిందకి వచ్చాయి. రైతు ఆ పేరు జోలికి పోడు. చుక్క నీళ్లు కొలతగొట్టం మీద వేసి, కన్ను దగ్గర పెట్టి చూసి, “పదిహేను పీపీటీ” అంటాడు, లీటరుకి పదిహేను గ్రాములన్నమాట. పక్కనే తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులకి ఆ కొలతా అక్కర్లేదు. ఉప్పుటేట్లో చేప ఉంటే చాలు.

ఇంత రుచి తెలిసిన నాలుక ఉద్దానంలో ఓడిపోయింది. కొబ్బరి, జీడి, పనస తోటల నేల అది. అక్కడివాళ్లకి మూత్రపిండాలు పాడవుతుంటే నీళ్లలో లవణాలు, లోహాలు, ఎండలో చాకిరీ, ఇలా అనుమానాలు ఎన్నో పుట్టాయి, ఒక్కటీ తేలలేదు. చివరికి 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లని గొట్టాల్లో తీసుకొచ్చారు, 700 కోట్లు పెట్టి. నోటికి బాగున్నా బావి నీళ్లని ఇప్పుడు చాలామంది వాడుకకే ఉంచుకుంటున్నారు. ఇరవై లీటర్ల టిన్నులో కొనుక్కొచ్చేవాటిని మాత్రం ఎవరూ తాగునీరు అనరు, మంచినీళ్లనే అంటారు.